రేపటికి చెల్లని సూచన ఎక్కడ రాయాలి?

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఉన్న కంప్యూటర్‌ను మూలన పడేయకుండా దాని మీద ఉబుంటో, మింటో లాంటి ఉచిత లినక్స్ ఎక్కించుకుందామని చూసే కాలేజీ ల్యాబులు, డీటీపీ షాపులు, చిన్న ఆఫీసులు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ ఉన్నాయి. వాళ్ళకు ఆసరాగా పత్రికల సాంకేతిక శీర్షికల్లోనూ, కాలేజీల ల్యాబ్ మాన్యువళ్ళలోనూ ‘ఈ కమాండ్ కొట్టండి, పనైపోతుంది’ తరహా సూచనలు వస్తుంటాయి. వాటిలో చాలావరకు రాసిన రోజుకు సరైనవే. చిక్కల్లా ఏ సూచన ఎంతకాలం పనిచేస్తుందో ఎక్కడా చెప్పకపోవడం, పది రోజుల్లో చెల్లకుండా పోయేదాన్ని తీసుకెళ్ళి చెరపడానికి వీల్లేని చోట అచ్చువేయడం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌ను) ఎక్కించి, నడిపి, బాగుచేసే పనిలో ఉన్నవాళ్ళం గనక దీని మీద కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు ఒక ప్రింటర్ సంగతి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 జిరాక్స్ షాపులవాళ్ళకు బాగా తెలిసిన యంత్రం. అది తన ఫర్మ్‌వేర్‌ను, అంటే తనను నడిపించే ప్రోగ్రామ్‌ను, లోపల దాచుకోదు. స్విచ్ ఆపి వేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి ఫర్మ్‌వేర్ పంపాలి. లినక్స్‌లో ఈ పనిని హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ ప్యాకేజీ చేస్తుంది. ఫర్మ్‌వేర్ ఓపెన్ సోర్స్ కాదు కాబట్టి దాన్ని ‘ప్లగిన్’ పేరుతో విడిగా దించుకోవాలి. హెచ్‌పీలిప్ వెర్షన్, ప్లగిన్ వెర్షన్ రెండూ ఒకటే అయ్యుండాలి. సిస్టమ్ అప్‌డేట్‌లో హెచ్‌పీలిప్ మారితే ప్లగిన్ వెనకబడిపోయి ప్రింట్ ఆగుతుంది. అప్పుడు టెర్మినల్‌లో ‘హెచ్‌పీ-ప్లగిన్’ కమాండ్ మళ్ళీ నడపాలి. ఇంతవరకూ చెప్పింది ఆ ప్రింటర్ ఆ డ్రైవర్‌తో నడిచినంతకాలం నిజం. మాన్యువల్‌లో పెట్టొచ్చు, పత్రికలో వేయొచ్చు, షాపు గోడకు అంటించుకోవచ్చు.

‘ఫలానా వెర్షన్ ప్లగిన్ ఈ వారం సర్వర్ నుంచి దిగడం లేదు, పాత ఫైలు ఇక్కడుంది, అది వాడండి’ అన్నది రెండో రకం. సర్వర్ బాగుపడిన మర్నాటి నుంచి అది తప్పుడు సలహా. పాత ఫైలు ఎక్కించినవాడికి వెర్షన్లు కలవవు, ప్రింటర్ మళ్ళీ మొరాయిస్తుంది. ఈ రెండు రకాలనూ ఒకే పేజీలో పక్కపక్కన రాస్తే, రెండోది తప్పని తేలిన రోజున చదివేవాడు మొదటిదాన్ని కూడా నమ్మడు. మాన్యువళ్ళ పరువు తీసేది ఇదే.

మరి రెండో రకాన్ని ఎక్కడ పెట్టాలి? మాకు తెలిసిన కొలమానం ఒక్కటే. ఏది మారితే ఈ మాట అబద్ధమవుతుందో చూసుకుని, ఆ మార్పు చేసేవాడి చేతికి తగిలే చోట రాయాలి. డ్రైవర్ కోడ్ మారితే చెల్లని సూచన ఆ కోడ్ పక్కనే ఉండాలి. వెర్షన్ మారితే చెల్లనిది ఆ వెర్షన్ రిలీజ్ నోట్స్‌లో ఉండాలి. బగ్ (సాఫ్ట్‌వేర్‌లోని లోపం) తీరితే చెల్లనిది ఆ బగ్ నివేదికలోనే ఉండాలి, నివేదిక మూతపడ్డప్పుడు దానితోపాటే పోవాలి. దిద్దాల్సినవాడు పనిగట్టుకుని వెతుక్కుంటూ రావాల్సిన చోట పెడితే దాన్ని ఎవరూ దిద్దరు. ఎంతమందికి కావాలి, ఎంత ముఖ్యం అనేవి ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు. మామూలుగా అందరూ వాటినే ముందు అడుగుతారు, అందుకే ముఖ్యమైన తాత్కాలిక సంగతులన్నీ ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలు నెత్తిన చేరతాయి.

ఈ కొలమానానికి నిలబడే మంచి ఉదాహరణ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. మన ఇంజినీరింగ్ ల్యాబులకు ఇది రోజువారీ తలనొప్పి కూడా. ఉబుంటు 23.04, డెబియన్ 12 అనే లినక్స్‌లు వచ్చిన 2023 నుంచి, పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌ను అడ్మిన్ హక్కులిచ్చే సుడోతో కలిపి ‘సుడో పిప్ ఇన్‌స్టాల్’ అని కొడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అన్న ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. పెప్ 668 అనే ప్రమాణం ప్రకారం పెట్టిన అడ్డు అది. సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ చొరబడితే అప్‌డేట్లను తనంతట తానే ఎక్కించే అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్ లాంటి ఉబుంటు సొంత పనిముట్లు దెబ్బతింటాయని పెట్టారు. ఎలా దెబ్బతింటాయంటే, సుడోతో పిప్ ఎక్కించినవి యూఎస్ఆర్ కింద లోకల్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. పైథాన్ లైబ్రరీల కోసం, అంటే తాను వాడే సిద్ధమైన కోడ్ మూటల కోసం, వెతికేటప్పుడు డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ కూర్పు) ఇచ్చిన ఫోల్డర్ కంటే ముందు దాన్నే చూస్తుంది. ఒకే లైబ్రరీ రెండు చోట్లా ఉంటే పిప్ తెచ్చినదే గెలుస్తుంది. అప్‌డేట్ పనిముట్టు తనకు సరిపడని వెర్షన్‌తో నడవబోయి బోర్లాపడుతుంది.

ఇందులో మెచ్చుకోవాల్సింది ఆ ఎర్రర్ సందేశాన్ని పెట్టిన చోటు. ఉబుంటు 24.04లో పైథాన్ 3.12 ఫోల్డర్‌లో ‘ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్’ పేరుతో చిన్న ఫైలు ఉంటుంది. అడ్డు పెట్టేది ఆ ఫైలే, ఏం చేయాలో చెప్పే మాటలూ అందులోనే ఉంటాయి. ఆ మాటలను డిస్ట్రిబ్యూషన్ తనకు తగ్గట్టు రాసుకోవచ్చు. రేపు అడ్డు తీసేస్తే ఫైలుతోపాటు సూచనా పోతుంది. విడిగా ఏ పేజీనీ దిద్దక్కర్లేదు. ప్యాకేజీ కావాలంటే ఉబుంటు సొంత పనిముట్టు ఏప్ట్‌తో ఎక్కించుకో, లేదంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టుకు విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) కట్టుకో అని అది తెర మీదే చెబుతుంది. చదివితే చాలు.

చదవకపోవడం వల్ల ఏమవుతుందంటే, ఎర్రర్ చూడగానే వెతికి, అడ్డును దాటించే ‘బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్’ అన్న ఆప్షన్ తగిలించుకుంటారు. మరికొందరు ఆ ఫైలునే తుడిచేస్తారు. అది ఒకరి రికార్డు నుంచి ఇంకొకరి రికార్డుకు, అక్కణ్ణుంచి మరుసటి ఏడాది ల్యాబ్ మాన్యువల్‌కు ఎక్కుతుంది. ఎగ్జామినర్ దాన్నే సరైన జవాబుగా దిద్దుతారు. మాన్యువల్ రాసేవాళ్ళకు మనవి: ఆ పేజీ తీసేసి ఈ క్రమం పెట్టండి. ఏప్ట్‌తో ‘పైథాన్3-వీఎన్వ్’ ప్యాకేజీ ఎక్కించాలి. ‘పైథాన్3 మైనస్ ఎమ్ వీఎన్వ్’ అని కొట్టి పక్కన ఫోల్డర్ పేరు ఇవ్వాలి. ఆ ఫోల్డర్‌లోని బిన్ కింద ఉన్న యాక్టివేట్ ఫైలును ‘సోర్స్’ కమాండ్‌తో పిలవాలి. ఆ తర్వాత పిప్‌ను సుడో లేకుండా వాడాలి. లెక్కల లైబ్రరీ నంపై ఒక్కటే కావాలంటే ఇదంతా కూడా అక్కర్లేదు, ఏప్ట్‌లో ‘పైథాన్3-నంపై’ ఉంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అనేది పైథాన్ వెర్షన్లు మారినా నిలిచే పద్ధతి కాబట్టి పుస్తకంలో ఉండదగింది.

రీడ్‌మీ గురించి వేరే చెప్పాలి. సాఫ్ట్‌వేర్ రాసే మన కుర్రవాళ్ళు ముందు చేతిపెట్టేది అక్కడే. ‘ప్రస్తుతం ఫలానా వెర్షన్‌తో పనిచేయడం లేదు, త్వరలో సరిచేస్తాం’ అని రీడ్‌మీలో రాస్తారు. కోడ్ దాచే రిపాజిటరీలో దాన్ని ఎప్పుడైనా మార్చొచ్చు, నిజమే. కానీ అదే ఫైలు పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐ సైటు పేజీలో ప్రాజెక్టు వివరణగా అతుక్కుంటుంది, ఒకసారి విడుదలైన వెర్షన్ వివరణను అక్కడ మార్చడానికి వీల్లేదు. మార్చాలంటే కొత్త వెర్షన్ వేయాల్సిందే. మూటకట్టిన టార్ ఫైళ్ళలోకి, డిస్ట్రిబ్యూషన్ల ప్యాకేజీల్లోకి, వేరేవాళ్ళు తీసుకున్న ఫోర్కుల్లోకి వెళ్ళిన కాపీల సంగతి సరేసరి. రీడ్‌మీలో రాయడమంటే శ్రీముఖలింగం గుడి గోడ మీద శాసనం చెక్కినట్టు. ‘త్వరలో’ అన్న మాటను మాత్రం అక్కడ చెక్కకూడదు. రీడ్‌మీలో ఒక్క వాక్యం చాలు: తెలిసిన సమస్యలు ఇష్యూ ట్రాకర్‌లో పిన్ చేసి ఉన్నాయి, చూడండి.

ఇష్యూ ట్రాకర్ అంటే సమస్యలు నమోదు చేసే చోటు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో ఒక రిపాజిటరీకి మూడు ఇష్యూలే పిన్ చేయడానికి (పైన కనిపించేలా గుచ్చడానికి) వీలుంది. తక్కువని విసుక్కుంటారు గానీ ఆ పరిమితి మేలే చేస్తుంది. నాలుగోది పెట్టాలంటే పాతవాటిలో ఒకటి తీయాలి కదా, ఏది తీరిపోయిందో అప్పుడు చూస్తారు. ఇష్యూ శీర్షికలో తెర మీద వచ్చిన ఎర్రర్ వాక్యం ఉన్నది ఉన్నట్టు ఉండాలి. చిక్కులో పడ్డవాడు వెతికేది ఆ వాక్యాన్నే, మనం దానికి పెట్టిన అందమైన పేరును కాదు. మొదటి పేరాలోనే ఏ వెర్షన్ నుంచి మొదలైంది, ఇప్పటికి దారేమిటి, ఆ దారిని తర్వాత వెనక్కి తీయడం ఎలా అన్న మూడూ ఉండాలి. కింద ఎనభై జవాబుల్లో ఎక్కడో ఉందంటే లేనట్టే. బగ్ తీరాక ఏ వెర్షన్‌లో తీరిందో పైనే రాసి మూసేయాలి.

తాత్కాలిక దారిని కోడ్‌లోనే పెట్టాల్సి వచ్చినప్పుడు పక్కన కామెంట్ రాయడం అందరికీ తెలుసు. కామెంట్‌కు నోరు లేదు, సమయం వచ్చినప్పుడు అది పిలవదు. పైథాన్‌వాళ్ళకు, కోడ్‌ను పరీక్షించే పైటెస్ట్‌లో ఒక సదుపాయం ఉంది. ఫలానా లైబ్రరీలో బగ్ ఉందని తెలిసినప్పుడు, ఆ బగ్‌కు ఒక టెస్టు రాసి దానికి ‘ఎక్స్‌ఫెయిల్’ (ఫెయిలవుతుందని ముందే తెలుసు) గుర్తు తగిలించి, ‘స్ట్రిక్ట్’ను ట్రూ చేయాలి. బగ్ ఉన్నంతకాలం ఆ టెస్టు ఫెయిలవుతూ మౌనంగా ఉంటుంది. అవతలివాళ్ళు బగ్ సరిచేసిన రోజున టెస్టు పాసై, స్ట్రిక్ట్ కాబట్టి మొత్తం టెస్టుల పరుగు ఎర్రబడుతుంది. అప్పుడు వెళ్ళి తాత్కాలిక కోడ్‌నూ దాని గురించి రాసిన నోట్‌నూ కలిపి తీసేయాలి. టెస్టు పక్కన ఆ నోట్ ఏ ఫైలులో ఉందో రాసిపెట్టుకుంటే వెతుకులాట ఉండదు. గడువు తేదీ వేసి క్యాలెండర్‌లో రాసుకోవడం కంటే ఇది మేలు, ఎందుకంటే బగ్‌లు తీరడానికి తేదీలుండవు.

డిస్ట్రిబ్యూషన్ల వాళ్ళు ఈ విషయంలో ఆరితేరారు. డెబియన్ ప్యాకేజీలో ‘న్యూస్.డెబియన్’ అనే ఫైలు ఉంటుంది. ఏప్ట్-లిస్ట్‌చేంజెస్ ఎక్కించుకుంటే, అప్‌గ్రేడ్ చేసే క్షణంలో ఆ ప్యాకేజీకి కొత్తగా చేరిన హెచ్చరికలను మాత్రమే తెర మీద చూపిస్తుంది. ముందే చదివేశారన్న బెంగ లేదు, ఆలస్యంగా చదివారన్న బాధ లేదు. ‘రీడ్‌మీ.డెబియన్’ అనే ఇంకో ఫైలు యూఎస్ఆర్ కింద షేర్, దాని కింద డాక్ ఫోల్డర్‌లో ప్యాకేజీ పేరుతో ఉంటుంది. ఆ డిస్ట్రిబ్యూషన్‌లో ఆ ప్యాకేజీకి ఉన్న ప్రత్యేకతలు అందులో ఉంటాయి. ఇంటర్నెట్ లేని ల్యాబ్‌లో కూడా దొరుకుతుంది. తుపాను గాలికి కేబుల్ తెగి వారం రోజులు నెట్ లేకుండా గడిపే మన జిల్లాలకు ఇది చిన్న విషయం కాదు. ఆర్చ్ లినక్స్‌వాళ్ళయితే అప్‌డేట్‌లో చేతిపని అవసరమైనప్పుడు తమ మొదటి పేజీలో తేదీతో వార్త వేస్తారు. వార్త గనక పాతదైతే పాతదని చూడగానే తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పాత వెర్షన్ల డాక్యుమెంటేషన్ పేజీలు ‘ఈ వెర్షన్‌కు మద్దతు లేదు’ అని నెత్తిన రాసుకుని కనిపిస్తాయి. లింకు ఇచ్చేటప్పుడు వెర్షన్ అంకె ఉన్న చిరునామాకు బదులు ‘కరెంట్’ అని ఉన్న చిరునామా ఇవ్వడం మంచిది.

తాత్కాలిక సమాచారం ఎంత అత్యవసరమైనా ఎంత త్వరగా మురుగుతుందో ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టు వ్యవహారం చూపించింది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారని బయటపెట్టారు. ఆ రోజు అందరూ ఇచ్చిన సలహా ‘5.4కు దిగిపోండి’. ఆ రోజుకు అదే సరైనది. మే 29న దొంగదారి తీసేసిన 5.6.2 వచ్చింది. ఇప్పుడు ఆ పాత సలహా చదివి 5.4కు దిగడంలో లాభమేమీ లేదు. డెబియన్ అప్పుడు వేసిన ప్యాకేజీ వెర్షన్ పేరు చూడండి: 5.6.1+రియల్లీ5.4.5-1. ఏప్ట్ పెద్ద అంకెకే ఎక్కుతుంది గానీ తనంతట తాను చిన్న అంకెకు దిగదు. అందుకని పైకి 5.6.1 కంటే పెద్దదిగా కనిపిస్తూ, లోపల నిజంగా ఉన్నది 5.4.5 అని వెర్షన్ అంకెలోనే రాసేశారు. ఎవరూ ఏ పేజీ చదవకపోయినా అప్‌డేట్ కొట్టిన ప్రతివాడికీ ఆ సంగతి చేరింది. తర్వాతి వెర్షన్ రాగానే ఆ పేరు దానంతటదే పోయింది.

ఇక మా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన చిట్కా, ప్యాకేజీని ఉన్న వెర్షన్‌లోనే ఆపేసే ‘ఏప్ట్-మార్క్ హోల్డ్’. కొత్త కెర్నల్‌తో (లినక్స్ గుండెకాయతో) వైఫై రావడం లేదనో, కొత్త బ్రౌజర్‌తో పరీక్షల సైటు తెరుచుకోవడం లేదనో ఆ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టమని రాస్తారు. తీయమని రాయరు. హోల్డ్ ఉన్నంతకాలం ఆ ప్యాకేజీకి భద్రతా అప్‌డేట్లు కూడా రావు. పైగా హోల్డ్‌కు కారణం రాసుకునే చోటు లేదు. ‘ఏప్ట్-మార్క్ షోహోల్డ్’ అంటే పేర్లు వస్తాయి గానీ ఎవరు, ఎందుకు పెట్టారో తెలియదు. దానికి బదులు ఏప్ట్ ప్రిఫరెన్సెస్ ఫోల్డర్‌లో, ఏ వెర్షన్ ఉండాలో చెప్పే పిన్ ఫైలు పెట్టండి. ప్యాకేజీ పేరు, వెర్షన్, ప్రయారిటీ 1001 అని మూడు వరుసలు. వాటి పైన ‘ఎక్స్‌ప్లనేషన్’ అన్న వరుస రాయడానికి ఏప్టే వీలిచ్చింది. బగ్ నంబరు, తేదీ, ఏం జరిగితే ఈ ఫైలు తుడిచేయాలో అందులో రాయండి. రెండేళ్ళ తర్వాత కొత్తగా చేరిన ల్యాబ్ అసిస్టెంట్‌కు కూడా అర్థమవుతుంది.

కొన్నింటిని అసలు రాయకపోవడమే మంచిది. ఉబుంటులో అప్‌డేట్ కొట్టినప్పుడు ‘ఫేజింగ్ వల్ల వాయిదా పడ్డాయి’ అంటూ కొన్ని ప్యాకేజీల పేర్లు రావడం చూసే ఉంటారు. అప్‌డేట్‌ను ముందు కొద్ది శాతం కంప్యూటర్లకు ఇచ్చి, ఇబ్బంది లేదంటే మిగతావాటికి విడతలుగా ఇవ్వడమే ఫేజింగ్. కొన్ని రోజులు ఆగితే వచ్చేస్తుంది. దాన్ని తప్పుగా భావించి బలవంతంగా ఎక్కించే కమాండ్ ప్రచురించడం అనవసరం.

గ్రూపుల సంగతి ఒక్క మాటలో. వాట్సాప్‌లో వేసిన సూచన ఇంటర్నెట్ సెర్చ్‌కు దొరకదు, పంపిన 15 నిమిషాలు దాటితే దిద్దడానికీ వీల్లేదు. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజుల వెనక్కి కనిపించదు. ‘సర్వర్ ఈ గంటసేపు ఆగుతుంది’ లాంటివాటికి అవి చాలు. అంతకు మించి నిలవాల్సినది గ్రూపులో తేలితే, తేల్చినవాళ్ళే దాన్ని ట్రాకర్‌కు ఎక్కించాలి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ తేడా ఇంకా ముఖ్యం. సాఫ్ట్‌వేర్ తెరల అనువాదానికి గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ఒక రక్షణ ఉంది. మూలవాక్యం మారితే పాత తెలుగు వాక్యానికి ‘ఫజీ’ గుర్తు పడుతుంది, మళ్ళీ ఎవరైనా చూసి గుర్తు తీసేదాకా అది తెర మీదికి రాదు, ఇంగ్లీషే కనిపిస్తుంది. మనం తెలుగులో రాసే వ్యాసాలకు, పీడీఎఫ్‌లకు అలాంటి గుర్తు వేసేవాళ్ళు లేరు. మూలం మారినా తెలుగు ప్రతి అలాగే తిరుగుతూ ఉంటుంది. కాబట్టి నిలిచే భాగాన్ని తెలుగు చేయండి, తాత్కాలిక భాగానికి మూలం ఎక్కడుందో చూపించి వదిలేయండి. ఎర్రర్ వాక్యాన్ని మాత్రం తెర మీద ఎలా ఉంటే అలాగే ఉంచాలి.

తెలుగు టైపింగ్ చిట్కాలే దీనికి సాక్ష్యం. ఏ టైపింగ్ పనిముట్టు వాడాలో ప్రోగ్రాములకు చెప్పే జీటీకే ఐఎమ్ మాడ్యూల్, క్యూటీ ఐఎమ్ మాడ్యూల్, ఎక్స్‌మాడిఫయర్స్ అనే మూడు వరుసలను ఎన్విరాన్‌మెంట్ ఫైలులో చేర్చమని పాత వ్యాసాలన్నీ చెబుతాయి. తెరను నడిపే పాత పద్ధతి ఎక్స్11 కాలానికి అది సరైనదే. ఎక్స్11 బదులు వచ్చిన వేలాండ్ మీద కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ నడుపుతూ, ఎఫ్‌సిటిఎక్స్5 అనే టైపింగ్ పనిముట్టు వాడేవాళ్ళు ఆ వరుసలు పెడితే, మొదటి రెండూ తీసేయమని ఎఫ్‌సిటిఎక్స్5 స్వయంగా నోటిఫికేషన్ ఇస్తుంది. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డుల్లో ఏ మీట ఏ అక్షరమో చెప్పే పట్టిక మాత్రం ఏళ్ళ తరబడి నిలిచేది. తెలుగు పేజీలు పట్టికను వదిలి ఆ మూడు వరుసలకు చోటిస్తున్నాయి.

పత్రికకు మా విన్నపం ఇది. సాంకేతిక శీర్షికలో కమాండ్ వేసేటప్పుడు పక్కనే సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, పరీక్షించిన నెల వేయండి. ‘ఉబుంటు’ అని కాకుండా ‘ఉబుంటు 24.04’ అని వేయండి. దానికి సాధారణ మద్దతు 2029 దాకా ఉంది కాబట్టి చదివేవాడు తన లెక్క తాను వేసుకుంటాడు. మార్పును వెనక్కి తీసే కమాండ్ కూడా వేయండి, అది లేని చిట్కాను వేయకండి. వారం పదిరోజుల్లో తీరిపోయే బగ్‌కు అచ్చులో చోటు వద్దు. అచ్చయిన కాగితాన్ని ఎటూ మార్చలేరు, ఈ-పేపర్ అచ్చుకు నకలే. వెబ్‌సైటులో ఉన్న ప్రతి మీద మాత్రం, సూచన చెల్లకుండా పోయినప్పుడు ఫలానా వెర్షన్ నుంచి ఇది అక్కర్లేదని ఒక వాక్యం చేర్చవచ్చు. ఆ వాక్యం వ్యాసం పైన ఉండాలి. కమాండ్ కాపీ చేసుకునేవాళ్ళు వ్యాసం చివరిదాకా రారు.

ఇట్లు,
కొందరు ల్యాబ్ నిర్వాహకులు,
విజయనగరం